గ్లాసు నిండేదాకానే మాట్లాడాలి

ఆ రోజుల్లో ఉద్యోగం చేయడమంటే మీటింగులో కూర్చోవడమేనని మా ఆఫీసులో అందరూ మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు. ఆ రోజుల్లో అన్నానని మరీ పాతకాలం అనుకునేరు, రాష్ట్రం రెండయిన కొత్తలో సంగతి ఇది. అయినా ఇప్పటి పిల్లలు ఫోన్లోనే మీటింగు పెట్టుకుని, మైకు ఆపేసి, ఒకవైపు పప్పుకు పోపు కూడా వేసుకుంటుంటే చూసి, మా కాలం ఎక్కడికో వెళ్లిపోయిందనిపిస్తుంది. మాకా భోగం లేదు. వారానికి మూడు మీటింగులు, సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున పది గంటలకు, ప్రొద్దుటూరు ఆఫీసులో, నడుం విరిగే ప్లాస్టిక్ కుర్చీల్లో. మిగతా మూడు రోజులు అయిపోయిన మీటింగులో ఏమనుకున్నామో రాసుకోవడానికీ, రాబోయే మీటింగులో ఏమనాలో తయారు కావడానికీ సరిపోయేవి. ఆ మూడింటిని ఒకటికి దించింది నేనే. ఇరవై మూడేళ్ల వయసులో, ఉద్యోగంలో చేరిన ఎనిమిది నెలలకే దించాను. (గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. జీవితంలో చెప్పుకోదగ్గ పనులు ఒకటో రెండో చేస్తాం, వాటిని కూడా మూటగట్టి అటక మీద పెట్టేస్తే ఇంక దేన్ని చెప్పుకోవాలి?)

మాది డ్రిప్పు పైపుల కంపెనీ. బోరు నీళ్లు సన్నటి నల్ల పైపుల్లో తోటంతా తిరిగి, ప్రతి చెట్టు మొదట్లో బొత్తామంత డ్రిప్పరులోంచి చుక్కచుక్కగా పడేటట్టు చేయడం మా పని. పెద్దాఫీసు ప్రొద్దుటూరులో, చిన్నాఫీసులు జమ్మలమడుగులో, పులివెందులలో. చిన్నాఫీసు అంటే ఒక గది, ఒక బల్ల, మూలన పైపుల చుట్టలు, అంతే. నేను మా ఊరు జమ్మలమడుగులోనే ఉండేదాన్ని. ఇంజనీరింగు చదివి ఇంట్లో ఖాళీగా ఉన్నానని నలుగురూ అడగడం మొదలుపెట్టాక, మా నాయన ఈ ఉద్యోగం చూసి పెట్టాడు. ఆయన హైస్కూల్లో గుమాస్తా. మొదటి వారం మీటింగుల సంగతి చెబితే, "మూడేనా? అదృష్టవంతురాలివి పాపా" అన్నాడు.

మీటింగుల వల్ల మాకు నడుం నొప్పి వస్తే వచ్చింది, రైతులకు మాత్రం అసలు నష్టం జరిగేది. పొలాలకు త్రీఫేజు కరెంటు ఇచ్చేది పొద్దున పూటే. మోటరు ఆడుతున్నప్పుడు చూస్తేనే ఏ పైపులో నీళ్లు వస్తున్నాయో, ఎక్కడ కారుతున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో తెలిసేది. తోటల్లో కరెంటు ఉన్నంతసేపూ మేము మీటింగులో ఉండేవాళ్లం. మేము మీటింగులోంచి బయటపడి, బస్సెక్కి, తోటకు చేరేసరికి కరెంటు పోయేది. ఎండిన పైపును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది కదా" అని చెప్పి వచ్చేవాళ్లం. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అలాగే చెప్పేవాళ్లం.

మా మేనేజరు ఏదో గవర్నమెంటు ఆఫీసులో రిటైరై, ఇంట్లో పొద్దుపోక మా కంపెనీలో చేరినాయన. మేమందరం చాటున అజెండా సారు అనేవాళ్లం. మనిషి మంచివాడే, చేయి చాచి ఒకరి దగ్గర టీ కూడా తాగేవాడు కాదు. కానీ మీటింగు మొదలవగానే ఆయన గొంతు మారిపోయేది, ప్రొద్దుటూరు మాట మాయమై అచ్చుపుస్తకం తెలుగు వచ్చేది. "గౌరవనీయులైన సహోద్యోగులారా" అని మొదలుపెట్టి పదకొండు అంశాల కాగితం తీసేవాడు. స్వాగతం ఒక అంశం. గత సమావేశ నిర్ణయాల పఠనం ఒకటి. ఆ పఠనంపై చర్చ ఇంకొకటి. నాలుగోది సమయపాలన, ఒక్క దానికే గంట పట్టేది. చిట్టచివరిది 'ఇతరములు'. రైతులు చేసే ఫిర్యాదులన్నీ ఆ ఇతరములులోనే ఉండేవి. తొమ్మిదో అంశం దగ్గర భోజనాల వేళ అయ్యేది కనుక ఇతరములు తరువాతి సమావేశానికి వాయిదా పడేది. నేను చేరిన ఎనిమిది నెలల్లో మీటింగు ఇతరములు దాకా వెళ్లడం నా కళ్లతో చూడలేదు. పోనీ వరండాలో పట్టుకుని చెబుదామా అంటే, "మీటింగులో చెప్పండమ్మా, బయట చెప్పింది చెల్లదు" అనేవాడు.

ఆ ఇతరములులో మూడు వారాలుగా చిక్కుకుపోయింది ఒక అవ్వ తోట. పులివెందుల నుంచి ముద్దనూరు వచ్చే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే ఆమె చీనీతోట, మీరు బత్తాయి అంటారే, అదే. మూడెకరాలు, మూడువందల పైచిలుకు చెట్లు. బోరు పడక ముందు రెండేళ్లు ట్యాంకరు తెప్పించి, బిందెలతో మోసి ఆ మొక్కలను బతికించుకుంది. ఇది నాలుగో ఏడు, మొదటి కాపు. పిందె పట్టింది, పట్టిన పిందె పట్టినట్టే రాలిపోతోంది. ఫిర్యాదు కాగితం వస్తే అజెండా సారు ఫైలు చూసి, పైపులు వేసి ఏడాదిన్నర కూడా కాలేదు కనుక మన సరుకులో లోపం ఉండే అవకాశం లేదని తేల్చి, దాని మీద 'రైతు సరిగా తడి పెట్టకపోవడం' అని ఎర్ర సిరాతో రాశాడు. అలా రాస్తే ఇక కంపెనీ నుంచి కొత్త డ్రిప్పర్లు గానీ, పైపులు శుభ్రం చేసే యాసిడ్ గానీ గోడౌను దాటవు. పులివెందుల ఆఫీసులో పైపుల పని చూసే మామ మాత్రం ఒప్పుకోలేదు. (సాయిబుల ఇంటి మనిషి, వయసులో పెద్దాయన, అందరికీ పైపుల మామే.) తోటలోంచి నాలుగు డ్రిప్పర్లు ఊడబెరికి, కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని ప్రతి మీటింగుకూ వచ్చేవాడు. ఇతరములు రాకపోవడంతో అవి కూడా ఆయనతోపాటు వచ్చి, ఆయనతోపాటే తిరిగి పోయేవి.

ఒక శనివారం నేను ఆయన వెంట ఆ తోటకు వెళ్లాను. మీటింగు లేకపోయినా, రెండు బస్సులు మారి వెళ్లేసరికి కరెంటు పోయింది, అది మామూలే. చెట్ల ఆకులు దొన్నెల్లాగా ముడుచుకున్నాయి. కింద పిందెలు గోలీకాయలంత, కాలు పెడితే చాలు చిటచిటమంటున్నాయి. అవ్వ గట్టు మీద కూర్చుని మా వైపు చూస్తోంది గానీ లేవలేదు.

"మళ్లా వచ్చినారా? చూసిపోండి, చూసేదానికి ఏముందిలే" అంది.

"అవ్వా, మోటరు రోజూ వేస్తాండావా?" అన్నాన్నేను, ఫైల్లో ఉన్న ప్రశ్నే.

అంతే, ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం మాట పాపా అది? కరెంటు వచ్చిందంటే కూటికాడి నుంచి ల్యాచి ఉరుకుతా నేను. వచ్చినకాడి నుంచి పోయేదంకా మోటరు ఆపింది ల్యా. బోర్లో నీళ్లుండాయి, పైపులో నీళ్లుండాయి, చెట్టుకు మాత్రం రాల్యా. బిందెల్తో మోసినప్పుడే బాగుండె. ఇంగ నా వల్ల కాదు. వచ్చే ఆదివారం గొడ్డలోళ్లకు చెప్పినా. కొట్టేసి పొయ్యి కట్టెలకన్నా అమ్ముకుంటా."

మామ నేల చూపులు చూస్తున్నాడు. నాకేమైందో తెలియదు, నోరు ఊరుకోలేదు. "అవ్వా, ఆదివారం దాకా ఆగు. శుక్రవారం మీటింగులో నేను తేలుస్తా" అన్నాను.

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మీటింగంటే ఏంది పాపా? దాంట్లో నీళ్లొస్తాయా?" అంది. వెటకారమో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మామ పులివెందుల బస్సెక్కాడు, నేను ముద్దనూరు బస్సెక్కాను. ముద్దనూరు దాటాక నాకు ఉపాయం తట్టింది. ప్రొద్దుటూరు ఆఫీసు ముందుగదిలో రైతులకు చూపించడానికి ఒక చెక్కబల్ల ఉండేది. దాని మీద చిన్న మోటరు, కింద నీళ్ల డబ్బా, పైన మూరెడు పైపు, పైపుకు ఒక డ్రిప్పరు. దాని కింద టీ గ్లాసు పెడితే చుక్కచుక్కగా ఎంతసేపట్లో నిండుతుంది? మరుసటి సోమవారం మామ చేతి గడియారం పెట్టి చూశాం. సరిగ్గా మూడు నిమిషాలు. మాట్లాడే మనిషి ముందు ఈ బల్ల పెట్టాలి, గ్లాసు నిండితే మాట ఆపాలి, ఎంత పెద్దవాడైనా సరే. పదకొండు అంశాలకు పదకొండు గ్లాసులు, అరగంట కాస్త దాటుతుంది, ఇతరములు పదకొండు గంటల లోపలే వచ్చేస్తుంది. నా తెలివికి నాకే ముచ్చటేసి ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

దీనికి అజెండా సారును ఒప్పించడం ఎలా? అక్కడ కూడా నా బుర్ర బాగానే పనిచేసిందనే చెప్పాలి. మాటలు తగ్గించండి అని ఎవరితోనైనా అంటే కొడతారు. అందుకని బుధవారం నాడు సమయపాలన అంశం రాగానే లేచి, 'సమయపాలనకు నూతన పరికరము' అని కాగితం చదివాను. ఆ శీర్షిక వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ప్రారంభోత్సవం చేద్దామమ్మా" అన్నాడు. శుక్రవారం ఉదయం ఆయన చేతుల మీదుగానే ప్రారంభం, పరికరం ముందు మొదటి ప్రసంగం కూడా ఆయనదే అని నిర్ణయమైంది. నాకేం, మూడు నిమిషాలే కదా అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారి మొదటి బస్సుకే ప్రొద్దుటూరు చేరాను. బంతిపూల దండ, కొబ్బరికాయ, కర్పూరం, అన్నీ నేనే తెచ్చాను. తీరా చూస్తే బల్ల మీద పైపు ఉంది, డ్రిప్పరు లేదు! ముందురోజు సాయంత్రం రాజుపాలెం వైపు నుంచి వచ్చిన రైతు ఎవరో, ఎట్లుంటాదో ఇంట్లో చూపిస్తానని పీక్కుపోయాడట. గోడౌను తాళం పదిన్నరకు గానీ రాదు. పది గంటలు కావస్తోంది, అజెండా సారు ఇస్త్రీ చొక్కాలో మెట్లెక్కుతున్నాడు. అటూ ఇటూ వెతికితే కిటికీలో ఒక కాగితం పొట్లం కనబడింది, విప్పితే నాలుగు డ్రిప్పర్లు. దేవుడు పెట్టినట్టే అనిపించింది. మట్టి అంటుకుని ఉంటే చున్నీతో తుడిచి, ఒకటి పైపుకు గుచ్చి, కింద గ్లాసు పెట్టి, పైన దండ వేశాను. పైపుల మామ టీకి పోతూ జేబులోది కిటికీలో పెట్టి పోయాడన్న సంగతి నాకు తట్టనే లేదు. దేవుడు పెట్టిందే అనుకున్నాను, ఒక రకంగా నిజమే కూడా.

కొబ్బరికాయ కొట్టారు. మోటరు వేశారు. అజెండా సారు గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన సహోద్యోగులారా, కాలము అమూల్యమైనది" అని ఎత్తుకున్నాడు. మూడు నిమిషాలు గడిచాయి. గ్లాసు అడుగు తడిసింది, అంతే. ఆయన ఓరగా గ్లాసు వైపు చూసి, సంతోషించి, కాలము విలువ నుంచి నీటి విలువకు వచ్చాడు. పది నిమిషాలైంది. నీటి విలువ నుంచి తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎన్ని మైళ్లు సైకిలు తొక్కాడో అక్కడికి వెళ్లాడు. ఆయన ఎప్పుడూ అంత హాయిగా మాట్లాడింది లేదు, ఎవరైనా ఆపుతారన్న భయం కూడా లేదాయె. పావుగంట, ఇరవై నిమిషాలు. అందరి చూపులూ నా మీదే. నా పక్కనున్న జమ్మలమడుగు అన్న, మా ఆఫీసులో అమ్మకాలు చూసేవాడు, చెవి దగ్గరికి వంగి, "ఏం పాపా, గ్లాసుకు బొక్క పెట్టినావా ఏంది? ముందరన్నా టీ ఇస్తాండిరి" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. గొడ్డళ్ల వాళ్లు ఎల్లుండి వస్తారు. ఈ మీటింగు తప్పితే మళ్లీ మీటింగు సోమవారం. అప్పటికి అక్కడ చెట్లుండవు, మొద్దులుంటాయి. నా నోటితో నేనే అవ్వను ఆగమన్నాను, నా చేత్తో నేనే ఈయన నోటికి ఉన్న ఒక్క అడ్డూ తీసేశాను.

ముప్పావు గంట అయింది. ఇంక ఓర్చుకోలేక లేచి, "సార్, ఒక్క నిమిషం సార్" అంటూ బల్ల దగ్గరికి ఉరికాను. గ్లాసు ఎత్తి చూస్తే రెండు గుక్కల నీళ్లు. మోటరు ఆడుతోంది, పైపు నిండా నీళ్లున్నాయి, డ్రిప్పరు కొనలో ఒక చుక్క పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. అప్పుడే వెనక నుంచి పైపుల మామ, "ఉండు ఉండు" అంటూ వచ్చి, డ్రిప్పరు పీకి వెలుతురులో పెట్టి చూశాడు. గుర్తుపట్టేశాడు.

"ఇది నాది! నా పొట్లంలోది! అవ్వ తోటలోది పాపా ఇది!"

అజెండా సారు నోరు ఇంకా 'కావున' దగ్గరే తెరుచుకుని ఉంది. మామ ఆ గ్లాసు తీసుకుపోయి ఆయన ముందు పెట్టాడు. ఆ మనిషికి అంత గొంతుందని ఆ రోజే తెలిసింది నాకు. "సార్, నువ్వు ముప్పావు గంటసేపు మాట్లాడితివి. అంతసేపు మోటరాడింది. దీంట్లోంచి వచ్చింది ఇది. ఆయమ్మ రోజూ కరెంటున్నంతసేపు మోటరేస్తే చెట్టు తాగేది కూడా ఇంతే. తడి పెట్టల్యా అని ఎర్రసిరాతో రాస్తివి. మూడు వారాల నుంచి ఈ మాట చెప్పాలని జేబులో పెట్టుకోని తిరుగుతాండా. నీ ఇతరములు యాడ వస్తాది సార్?"

అజెండా సారు జేబులోంచి గుండుసూది తీసి (ఆయన జేబులో ఎప్పుడూ గుండుసూదులుండేవి, కాగితాలకు) డ్రిప్పరు రంధ్రంలో గుచ్చి గీకాడు. తెల్లగా సున్నం రాలింది. ఇంకా గీకాడు, ఇంకా రాలింది. ఆ బోరు నీళ్లలోని సున్నమంతా పేరుకుని లోపల రాయైపోయింది. ఆయన కాసేపు అరచేతిలోని ఆ పొడిని చూసి, అచ్చుపుస్తకం తెలుగు మొత్తం వదిలేసి, "ఏందప్పా ఇది. నేను రాసింది తప్పే కదా" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "శానా తెలివైందానివి పాపా. చెప్తే వినడని చూపిచ్చినావు" అన్నాడు.

ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. నేను కావాలని పెట్టలేదు సార్, తొందర్లో ఏదో ఒకటి గుచ్చాను అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గదిలో అందరూ నన్ను చూసే చూపు మారిపోయింది, ఆ చూపు నాకు భలే నచ్చింది. తలొంచుకుని, కొంచెం వినయంగా నవ్వాను కూడా. మామ మాత్రం నా మొహం చూసి, ఏదో అర్థమై, మీసాల్లో నవ్వుకుని ఊరుకున్నాడు.

ఆ రోజు మీటింగు మొదటి అంశంలోనే ముగిసింది. ఎర్రసిరా కొట్టేసి సంతకం పెట్టి, గోడౌను తీయించి, యాసిడ్ డబ్బాలూ కొత్త డ్రిప్పర్లూ ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరాం. అజెండా సారు కూడా ఆటో ముందు సీట్లో కూర్చున్నాడు. శనివారం పొద్దున కరెంటు రాగానే మామ యాసిడ్ నీళ్లలో కలిపి పైపుల్లోకి పంపించాడు. అది ఒక రోజంతా లోపలే ఉండి సున్నాన్ని కరిగించాలి. ఆదివారం పొద్దున నీళ్లు వదిలి, పైపుల కొసన మూతలు తీసి, ఆ మురికంతా బయటికి తోయాలి. ఆదివారం పొద్దున మేము చేరేసరికి గట్టు మీద నలుగురు మనుషులు గొడ్డళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు!

"అవ్వా, వీళ్లెందుకు వచ్చినారు?" అన్నాను.

"నేను రమ్మంటి కాబట్టి వచ్చినారు" అంది అవ్వ తాపీగా. "నీళ్లొస్తే సరే, రాకుంటే వాళ్లు ఆడ్నే ఉండారు కదా. మళ్లా పిలిపించేది ఎందుకు?"

కరెంటు వచ్చింది. మోటరు వేశారు. మామ మొదటి వరస చివర మూత తీయగానే పాలలాగా తెల్లటి నీళ్లు ఎగజిమ్మి, కాసేపటికి తేరుకుని, స్వచ్ఛంగా వచ్చాయి. అవ్వ ఆ వరసలోకి వెళ్లి, ఒక్కొక్క చెట్టు మొదట్లో వంగి, డ్రిప్పరు కింద అరచెయ్యి పెట్టి చూస్తూ పోయింది. పదో పన్నెండో చెట్ల దాకా పోయి, నడుం నిలబెట్టి, గట్టు వైపు తిరిగి కేకేసింది. "ఓ నాయన్లారా, గొడ్డళ్లు ఆడ పడేయండి. దినం కూలి మాట్లాడినా కదా, ఊరికే పోతారా ఏంది? ఆ మూతలు తీయండి రాండి." చెట్లు కొట్టడానికి వచ్చిన ఆ నలుగురూ సాయంత్రం దాకా మాతోపాటు మూతలు తీశారు, పాడైన డ్రిప్పర్లు మార్చారు. అజెండా సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మూతలు లెక్కపెట్టుకుంటూ తిరిగాడు. నేను ఒక చెట్టు చాటుకు పోయి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానని అడిగితే ఇప్పుడైనా చెప్పలేను, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఈ మధ్యలోనే, మధ్యాహ్నం కరెంటు పోయాక, మిగిలిన పని ఎవరు చూడాలో మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఎండ మండిపోతోంది. "ఇంగ ప్రొద్దుటూరు దాకా ఎందుకు, ఈడ్నే అనుకుందాం" అన్నాడు అజెండా సారు. ఆ ఎండలో నిలబడి ఒకరూ స్వాగతం చెప్పలేదు, ఒకరూ గత సమావేశాన్ని తలుచుకోలేదు. ఏది ఎవరు చేయాలో తేలడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. మామ గడియారంలో నేనే చూశాను. సోమవారం ఆఫీసుకు పోతే గోడకు కొత్త కాగితం అంటించి ఉంది. వారానికి ఒకే మీటింగు. ఏ తోట నుంచి ఫిర్యాదు వస్తే ఆ తోటలోనే, కరెంటు పోయాక, నిలబడి. జమ్మలమడుగు వాళ్లు, పులివెందుల వాళ్లు పనిలేకుండా ప్రొద్దుటూరు రానక్కర్లేదు. కింద అజెండా, ఒకే అంశం: ఇతరములు. మిగతా పదింటినీ ఆయన చేత్తో ఆయనే కొట్టేశాడు. అంత ఇష్టంగా పెంచుకున్న వాటిని అలా కొట్టేయడం చిన్న విషయం కాదు, ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టింది ఆ కాగితం చూశాకే.

తరువాతి నెలల్లో ఫిర్యాదులు తగ్గిపోయాయి. ఆ సంగతి పైవాళ్ల దాకా పోయి, కంపెనీ పెద్దాయన స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఈ మీటింగుల మార్పు ఎలా వచ్చిందో ఆ అమ్మాయి నోటితోనే వింటానన్నారట. ఇంకేం, నేను ఆరు పేజీల ప్రసంగం రాసుకున్నాను. అవ్వ తోటలో డ్రిప్పర్ల లోపం నేనెలా పసిగట్టానో, పదిమంది కళ్ల ముందు రుజువు చేయాలని ఎంత లోతుగా ఆలోచించి ఆ డ్రిప్పరే ఎంచుకున్నానో, అన్నీ రాశాను. రాసి రాసి నేనే నమ్మేశాను. అద్దం ముందు నిలబడి చదువుకుంటే మా నాయన విని, "పాపా, ఇది ఎన్ని గ్లాసులు?" అన్నాడు. నేను మూతి ముడుచుకుని తలుపేసుకున్నాను.

ఆ రోజు ప్రొద్దుటూరు ఆఫీసులో శామియానా వేశారు, పెద్దాయన వచ్చారు. అవ్వను కూడా పిలిచారు. రాలగా మిగిలిన పిందెలు కాయలై, ఆమె తోటలో అప్పుడే కోతలు మొదలయ్యాయి. అయినా ముద్దనూరులో బస్సు మారి, సంచీనిండా చీనీకాయలు మోసుకుని వచ్చింది. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "నాలుగు మాటలు చెప్పు అవ్వా" అన్నాడు అజెండా సారు. తరువాత మాట్లాడవలసింది నేను. కుర్చీ అంచున కూర్చుని, కాగితాలు సర్దుకుంటూ, ఈమె తొందరగా ముగిస్తే బాగుండు అనుకుంటున్నాను.

అవ్వ మైకును ఒకసారి తిప్పి చూసి, దూరంగా పట్టుకుంది.

"చెట్లు బతికినాయి" అంది. "కాయలు కూడా వచ్చినాయి. ఆడ కోసేవాళ్లు ఉండారు, నేను పోతాండా."

మైకు బల్ల మీద పెట్టి, శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది. తరువాత పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, అందరూ లేచారు, అజెండా సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ చప్పట్లు ఆగాక నన్ను పిలిచారు. ఆరు పేజీలతో వెళ్లి మైకు ముందు నిలబడ్డాను. మొదటి పేజీ చూశాను. పైపుల మామ చివరి వరసలో కూర్చుని, నేనేం చెబుతానా అని మెడ చాచి చూస్తున్నాడు. "ఆ డ్రిప్పరు నేను తెలిసి పెట్టింది కాదు సార్, తొందర్లో గుచ్చినా. అది మామ జేబులోది" అన్నాను. అచ్చంగా మా జమ్మలమడుగు మాటలోనే వచ్చేసింది. "అవ్వ చెప్పింది కదా, అంతే సార్" అని వచ్చి కూర్చున్నాను. పెద్దాయన పడీపడీ నవ్వారు. మామ మాత్రం నవ్వలేదు, రెండు చేతులూ ఎత్తి సలాము చేశాడు. నా జీవితంలో నేను చేసిన అతి మంచి ప్రసంగం అదే, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

మొన్న ఇల్లు మారుతూ పాత ఫైళ్లు తీస్తుంటే ఆ ఆరు పేజీలు బయటపడ్డాయి. మంచం మీద కూర్చుని మొత్తం చదివాను. ఎంత ధీమా! ఎన్ని అబద్ధాలు! అక్షరాలు కూడా ముందుకు ఉరుకుతున్నట్టు ఉన్నాయి. నేనే కనిపెట్టాను, నేనే నిరూపించాను, నేనే మార్చాను అని పేజీకి పదిసార్లు రాసుకుంది ఆ పిల్ల. అబద్ధాలున్నచోటల్లా కొట్టేసి నిజం రాద్దామని పెన్ను మూత కూడా తీశాను. రెండో పేజీ దాకా వచ్చి, మనసొప్పక మూత పెట్టేశాను. పాపం, అంత గర్వంగా రాసుకుంది.